తెర్నె నీళ్లు తాగిన వారం

నాకు అన్నిటికంటే పెద్ద భయం, నా కూతురు నీళ్లలో పడి, ఆ పడిన చప్పుడు నాకు వినబడకపోవడం.

సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి ఈ మాట అంటే మా స్కార్‌విక్‌లో నవ్వుతారు. నవ్వనీ. మా నార్వే దక్షిణ తీరంలో పిల్లలు నడక నేర్చుకునేది రేవు చెక్కల మీదే. నేనూ అక్కడే నేర్చుకున్నాను. రూనా పుట్టేదాకా నాకు నీళ్లంటే ఏ బెదురూ లేదు. అది పుట్టాక బకెట్లో నీళ్లు చూసినా గుండె దడదడమంటోంది. ఇప్పుడు దానికి రెండేళ్లు నిండాయి. తలుపు పక్కన కొక్కేలకు దాని లైఫ్ జాకెట్లు వరసగా వేలాడుతుంటాయి. ఒకటి ఇప్పుడు వేయడానికి, ఒకటి అది తడిస్తే మార్చడానికి, ఒకటి వచ్చే ఏటికి. "స్నానాల తొట్టికి వేరేది కొనలేదా మైకెన్?" అని మా ఆయన ఈవార్ అడిగాడు. కొనలేదు. అంగట్లో ఒకదాన్ని కాసేపు చేతిలో పట్టుకుని చూసిన మాట మాత్రం నిజం.

మా మామగారి పేరు తల్లాక్. రూనా పుట్టాక ఇంట్లో అందరం ఆయన్ను తాత అనే పిలుస్తున్నాం, కన్నకొడుకుతో సహా. ఆయనకో చెక్క పడవ ఉంది. దాని పేరు తెర్నె. పలక మీద పలక ఎక్కించి, రాగి మేకులు కొట్టి, వాళ్ల నాన్న చేసిన పడవ. చేపలు పట్టి బతకడానికి కాదు, సరదాకి. ఆదివారం పూట అలా తిరిగి రావడానికి, వేసవిలో ఏదో ఒక దీవి మీద రొయ్యలు ఉడకబెట్టుకుని రొట్టెతో తినడానికి. ఆ కాసిన్ని ఆదివారాల కోసం ఆయన ఏటా వసంతమంతా దానికి చేసే చాకిరీ చూస్తే, ఇంట్లో గుర్రాన్ని కట్టేశారేమో అనిపిస్తుంది. పాత రంగు గీకడం, ఉప్పుకాగితం పట్టడం, అవిసె నూనె పూయడం, నాచూ గవ్వలూ పట్టకుండా అడుగున ఎర్ర రంగు వేయడం, సముద్రపు ఉప్పు ఇంజను ఇనుమును తినకుండా దాని బదులు తినడానికి ఒక జింకు దిమ్మ బిగించడం. ఈ పనులన్నీ చేస్తూ ఆయన పడవతో మాట్లాడుతుంటాడు. మాతో కంటే ఎక్కువే మాట్లాడతాడు.

కిందటేడు ఆయన తుంటికి ఆపరేషన్ అయింది. తెర్నె వేసవంతా ఒడ్డున మా ఎర్ర పడవ కొట్టంలోనే ఉండిపోయింది. ఈ ఏడు మంచు కరగ్గానే తాత చేతికర్ర పక్కన పడేసి ప్రకటించాడు: మే పదిహేడు జెండా పండుగనాడు రూనాని తెర్నెలో కూర్చోబెట్టుకుని హావ్రెహోల్మ్ దీవికి తీసుకెళ్తానని. వాళ్ల ఇంట్లో ప్రతి బిడ్డా మూడో ఏడు నిండకముందే తెర్నెలో కూర్చుని జెండా పండుగ చూడాలట. వాళ్ల నాన్న పెట్టిన ఆనవాయితీ.

"చూద్దాంలే తాతా" అన్నాను.

"చూద్దాం అంటే ఒప్పుకున్నట్టా, లేనట్టా?"

"చూద్దాం అంటే చూద్దామనే."

"అయితే ఇప్పుడే చూద్దువుగాని, పద" అని కొట్టానికి తీసుకెళ్లాడు.

తలుపు తీసి పడవలోకి తొంగిచూశాను. పలకల మధ్య సందుల్లోంచి సన్నని వెలుతురు చారలు అడుగంతా పరుచుకుని ఉన్నాయి. వంగి చూస్తే అవతల గడ్డి కనిపించింది. గడ్డిలో పసుపు పూలు కూడా.

"తాతా, ఇందులోంచి పూలు కనిపిస్తున్నాయి."

"మంచిదేగా అమ్మాయ్. కిటికీ పెట్టించే ఖర్చు తప్పింది."

"నవ్వకు. పూలు కనిపించే సందులోంచి నీళ్లు రావా?"

"వస్తాయి. రావాలి. ఎండిపోయిన చెక్క కదా, నీళ్లు తాగుతుంది, ఉబ్బుతుంది, సందులు తనే మూసుకుంటుంది. ఏడాదిన్నర దాహంతో ఉన్నదాన్ని కాస్త తాగనియ్యవా?"

"అది తాగుతుంటే నా బిడ్డ అందులో కూర్చోవాలా?"

"ఎందుకూ కూర్చోవడం? ముందు అది తాగుతుంది. తర్వాత నీ బిడ్డ ఎక్కుతుంది. తర్వాత ఒడ్డున నేను తాగుతాను."

ఇంతలో రూనా పడవకు అవతలి పక్కకు పోయి ఒక సందులో వేలు దూర్చింది. తాత లోపల్నుంచి ఆ వేలు పట్టుకుని "ఎవరిదీ పురుగు?" అన్నాడు. అది కిచకిచ నవ్వింది. ఆ రోజు నుంచి అదే వాళ్ల ఆట. తాత లోపల, అది బయట, మధ్యలో నా భయం వేలంత వెడల్పున.

ఇంటికొచ్చి బంగాళాదుంపల తొక్క తీస్తూ ఈవార్‌కి ఆ సందుల గురించి చెప్పాను. కడుగుతూ చెప్పాను. ఉడికాక వడ్డిస్తూ మళ్లీ చెప్పాను. "విన్నాను" అన్నాడు. "వింటే మాట్లాడవేం?" అన్నాను. "బంగాళాదుంప నోట్లో ఉంది" అన్నాడు.

ఈవార్‌ది బాత్రూముల పని. గోడలకు, నేలకు టైల్స్ పరిచి, మూలలన్నీ చుక్క నీరు దిగకుండా మూస్తాడు. ఆ పనిలో అతనికి మంచి పేరుంది. నేను ఈ విషయం గుర్తుంచుకోవాల్సింది. గుర్తుంచుకోలేదు.

తాత ఊళ్లోకి తుంటి వ్యాయామానికి వెళ్లిన ఒక సాయంత్రం ఈవార్ ఆలస్యంగా, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున నేను రూనాని తీసుకుని కొట్టానికి వెళ్లాను. తాత ఇంకా రాలేదు. రూనా పరుగెత్తుకెళ్లి పడవ కుడి పక్కన నిలబడి వేలు పెట్టింది. వేలు దిగలేదు. ఇంకోచోట పెట్టింది. అక్కడా దిగలేదు. పెదవి వంకరపోయింది.

"తలుపేశారు" అని ఏడుపు లంకించుకుంది.

చూద్దును కదా, కుడి వైపు సందులన్నీ తెల్లటి పేస్టుతో నున్నగా మూసి ఉన్నాయి. రాయిలాగా గట్టిపడి ఉంది. ఎడమ వైపు మామూలుగానే ఉంది. ఆ చేతిపని ఎవరిదో చెప్పక్కర్లేదు, మా బాత్రూంలో రోజూ చూసేదే. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల ఏడుస్తున్నా నేను నవ్వేశాను. ఫోన్ చేసి ఈవార్‌ని మెచ్చుకున్నాను. "సగమే అయింది, పేస్టు చాలలేదు. రేపు తెచ్చి ఎడమ వైపు కూడా కానిస్తా. నాన్నకి చెప్పకు, రంగు వేసేస్తే తెలీదు" అన్నాడు.

ఆ సంతోషం పట్టలేక పక్క కొట్టానికి వెళ్లాను. అది గున్వోర్‌ది. పింఛను పుచ్చుకుంటున్న మనిషి. ఆమెది ప్లాస్టిక్ పడవ. ఒక శనివారం కడిగి, మైనం పూసి, ఇంజను నూనె మార్చి, ఆదివారానికి చేతులు దులుపుకుంటుంది. మిగతా వసంతమంతా కుర్చీ వేసుకుని మా తాత చాకిరీని చూస్తుంది. అదే ఆమెకు వినోదం.

"ఏమే, మొహం అంత వెలిగిపోతోంది? తల్లాక్ పడవ అమ్మేశాడా?" అంది.

"అమ్మడం కాదు గున్వోరక్కా, ఈవార్ సందులు మూసేశాడు. చుక్క కూడా రాదు."

"దేంతో మూశాడు?"

"బాత్రూంలో వాడే పేస్టుతో. గోరు కూడా దిగదు."

ఆమె మైనం గుడ్డ కింద పెట్టింది. "గోరు దిగదా? అద్దం కూడా బిగించాడా? తువ్వాలు వేసుకునే కడ్డీ?"

"ఏం, తప్పా?"

"ఎండు బఠాణీలు ఎప్పుడైనా నానబెట్టావా?"

"పెడతాగా, సూప్‌కి."

"సీసా నిండా బఠాణీలు పోసి, నీళ్లు పోసి, మూత బిగించి పెడితే ఏమవుతుంది?"

"సీసా పగులుతుంది."

"తెర్నె ఆ సీసా. పలకలు ఉబ్బుతాయి. ఉబ్బడానికి చోటేది? నీ మొగుడు రాయి పెట్టాడు మధ్యలో. అప్పుడు మేకులు పట్టు వదులుతాయి, లేదా లోపలి వంపు కొయ్య, పడవ పక్కటెముక, ఫటుక్కుమంటుంది. ఒడ్డున అయితే అదృష్టం. దీవికి సగం దారిలో అయితే..." రూనా వంక చూసి ఆగిపోయింది. "మా నాన్న పడవకి మా బావ ఇలాగే సేవ చేశాడు. తర్వాత దాంట్లో మా అమ్మ పూలమొక్కలు వేసింది. బాగా పూసేవి."

నా భయం పోగొట్టడానికి నా మొగుడు చేసిన పనిలోంచే నా భయం నిజమయ్యేట్టుంది.

ఈవార్ మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చాడు. ఎడమ వైపుకని కొత్త గొట్టం పేస్టు కూడా తెచ్చాడు. చెప్పాను. గొట్టం బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వే చెప్పు నాన్నకి" అన్నాడు.

"నేనా? పేస్టు పూసిందెవరు?"

"పూయించిందెవరు? మూడుసార్లు బంగాళాదుంపలతో పాటు సందులే తినిపించావు. అదీగాక నిన్ను తిట్టడు. నువ్వు కోడలివి."

"నిన్నూ తిట్టడు. చూస్తాడంతే."

"ఆ చూపే వద్దంటున్నాను."

చివరికి ఇద్దరం వెళ్లాం, మధ్యలో రూనాని పెట్టుకుని. తాత అప్పుడే కొట్టానికి వచ్చి ఇంజనుకి గ్రీజు రాస్తున్నాడు. ఆ ఇంజను చలికాలమంతా బల్ల మీదే ఉంటుంది, పడవ నీళ్లు తాగడం పూర్తయ్యాకే లోపలికి చేరుతుంది. ఈవార్ గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"జలుబా?" అన్నాడు తాత.

"నాన్నా, సందులు మూశాను. పేస్టుతో. గట్టి పేస్టు."

తాత చెయ్యి తుడుచుకున్నాడు. లేచి పడవ చుట్టూ కుంటుకుంటూ తిరిగాడు. బొటనవేలితో ఆ తెల్ల గీత మీద నొక్కి చూశాడు.

"కుడి వైపేనా?"

"కుడి వైపే."

"ఎడమ వైపు ఏం పాపం చేసింది?"

"పేస్టు అయిపోయింది."

"దేవుడున్నాడు" అన్నాడు తాత. తర్వాత బల్ల మీద కూలబడి నా వైపు తిరిగాడు. "ఇది వీడి బుర్రలో పుట్టిన పని కాదు. అమ్మాయ్, నువ్వు పడవని నమ్మట్లేదా, నన్నా?"

ఆ ప్రశ్న వెటకారంగా అడిగి ఉంటే జవాబు సులువుగా వచ్చేది. ఆయన వెటకారంగా అడగలేదు.

"రెండూ కాదు తాతా. నీళ్లని. పిల్ల పడితే చప్పుడు రాదంటారు. నేను తల తిప్పి ఉంటే? నాకు వినబడకపోతే?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"రాదు, నిజమే" అన్నాడు. "వీడు పడ్డప్పుడు రాలేదు."

"నేను పడ్డానా?" అన్నాడు ఈవార్.

"రేవు చివర. రూనా కంటే కాస్త పెద్దవాడివి. నేను వీపు తిప్పి తాడు కడుతున్నాను. మీ అమ్మ జుట్టు పట్టుకుని పైకి లాగింది. అందుకే నీకు ముందువైపు జుట్టు నిలవలేదు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఆ వేసవంతా మీ అమ్మ తనూ ఎక్కలేదు, నిన్నూ ఎక్కనివ్వలేదు, నన్ను తెర్నెలో ఒంటరిగా తిప్పింది. అది చాలదా, ఊరంతా చాటాలా?" గడ్డం గోక్కున్నాడు. "సరే అమ్మాయ్. పడవ నాది, పిల్ల నీది. ఏం చూస్తే రూనాని ఎక్కనిస్తావో నువ్వే చెప్పు. అది చూపిస్తాను. చూపించలేకపోతే ఒడ్డునే ఉండి జెండా ఊపుతాం, నేనూ అదీ."

నన్నెవరూ ఇంతవరకు అలా అడగలేదు. నేను చదువుతున్న జుట్టు కత్తిరించే కోర్సు కూడా, రూనా కడుపులో పడిందని, ఎవరూ ఏమీ అడగకుండానే మధ్యలో ఆగిపోయింది. బల్ల అంచు మీద కూర్చున్నాను. తర్వాత చెప్పాను:

"పండుగ ముందురోజు మధ్యాహ్నం నుంచి నీళ్లు తోడే పంపు ముట్టకూడదు. మర్నాడు పొద్దున అడుగు చెక్క ఎత్తి చెయ్యి పెడతాను. తడవకూడదు."

"తడవకూడదా! పడవ అమ్మాయ్, బట్టల బీరువా కాదు."

"అరచెయ్యి తడిస్తే సరే. మణికట్టు తడవకూడదు."

"నీ మణికట్టా, నాదా?"

"నాదే."

"చిన్న మణికట్టు. బేరం గట్టిగానే ఆడావు" అని చెయ్యి చాపాడు. గ్రీజు చెయ్యే. కలిపాను.

ఆ తర్వాత పేస్టు తవ్వకం. కత్తి పెడితే చెక్క తెగుతుంది. ఉలి పెడితే అంతకంటే తెగుతుంది. ఈవార్ పనిముట్లన్నీ మూయడానికే గాని తెరవడానికి పనికిరావు. నేను ఇంటికెళ్లి, జుట్టు పాయలు తీసే నా పాత దువ్వెనలు పట్టుకొచ్చాను. వాటికి సన్నని స్టీలు తోక ఉంటుంది. తాత వేడిగాలి మర పెట్టి పేస్టును కాస్త మెత్తబరిస్తే, నేను తోక దూర్చి లాగాను. పాయలు పాయలుగా వచ్చింది. గున్వోర్ కుర్చీ మా గుమ్మంలోకే తెచ్చుకుంది.

"ఈవార్, నీ పని గట్టిదేనయ్యా. మా బాత్రూం నీకే ఇస్తాను. పడవ మాత్రం ఇవ్వను" అంటుంది. లేదంటే, "మైకెన్, చెవుల దగ్గర కాస్త పొట్టిగా తియ్యి" అంటుంది.

చివరి పాయ వచ్చేసరికి నా వేళ్లు బొబ్బలెక్కాయి. రూనా వచ్చి సందులో వేలు పెట్టింది. దిగింది. నేను మూయాలనుకున్న సందుని నేనే తెరిచానే అని నాకు ఒకపక్క ఏడుపు, ఒకపక్క నవ్వు.

తెర్నెని దుంగల మీద దొర్లించి నీళ్లలోకి దింపిన రోజు రేవు మీద అరడజను మంది చేరారు, ఫ్లాస్కుల్లో కాఫీ, మేకపాల జున్నుతో వాఫుల్స్ పట్టుకుని. తాడుతో కట్టారు. తాత అడుగు బిరడా తీసి జేబులో వేసుకున్నాడు. కావాలనే తీశాడు. నీళ్లు లోపలికి గుడగుడమంటూ వచ్చాయి. అన్ని సందుల్లోంచీ వచ్చాయి. కూర్చునే బల్లలు మునిగాయి. నేను "తాతా, మునుగుతోంది!" అని అరిచాను.

"మునగనీ. చక్కెర ఉందా?" అన్నాడు.

ఎవరూ కప్పు కూడా కింద పెట్టలేదు. గున్వోర్ వాఫుల్ నములుతూ "కిందటిసారి కంటే గంభీరంగా మునుగుతోంది" అని మెచ్చుకుంది. రూనా చప్పట్లు కొట్టింది. "తెర్నె తానం చేత్తోంది!" అని నాకు వివరించింది. పెళ్లయినప్పటి నుంచి ఎన్నిసార్లు ఎక్కానో ఈ పడవ. ఎప్పుడూ తేలాకే ఎక్కాను, ఏటా ముందు ఇలా ముంచి తీస్తారని నాకు తెలియదు. ఎండిపోయిన పడవని ముందు ముంచాలట, తర్వాత అది తేలుతుందట. ఇలాంటి వాళ్ల ఇంటికి కోడలిగా వచ్చాను.

అలా అంచుల దాకా నిండి తెర్నె వారమంతా నీళ్లు తాగింది. తాత రోజూ వెళ్లి పక్కన కూర్చున్నాడు, ఒంట్లో బాగాలేని మనిషి పక్కన కూర్చున్నట్టు. తర్వాత బిరడా బిగించి నీళ్లు తోడారు. మొదట ఎంత తోడితే అంత వచ్చింది. మర్నాడు సగం వచ్చింది. ఆ మర్నాడు ఒక మూల నుంచి చెమట పట్టినట్టు వచ్చింది. కుడి వైపూ ఎడమ వైపూ ఒక్కలాగే మూసుకున్నాయి. రూనా వేలికి ఇక చోటులేదు, కానీ ఈసారి అది ఏడవలేదు. "తెర్నె తలుపేసుకుంది" అంది. వేసుకోవడానికీ, ఎవరో వేయడానికీ తేడా దానికి తెలిసినట్టే ఉంది. ఇంజను లోపలికి చేరింది. తాత దాన్ని తిప్పితే డుగ్ డుగ్ మంటూ ఒడ్డంతా వినబడింది.

రేపు పండుగ. ఈ మధ్యాహ్నం నేనే వెళ్లి పంపు పిడికి నా జుట్టు రిబ్బను ముడేసి వచ్చాను. తాత చూస్తూ నిలబడి, "సీలు కూడా వెయ్యి, పోస్టాఫీసులోలాగా" అన్నాడు. ఇంటికి రమ్మన్నాను. కాసేపు కూర్చుని వస్తానన్నాడు. ఆ కాసేపు ఇంకా పూర్తి కాలేదు. రూనా నిద్రపోయింది. లేచినప్పుడు నేను పక్కన లేకపోతే కొట్టం దాకా వినబడేలా ఏడుస్తుంది. ఈవార్ ఊళ్లోకి రొయ్యల కోసం వెళ్లాడు, పండుగ ముందు పూట ఆ అంగటి దగ్గర వరస మామూలుగా ఉండదు. పక్క కొట్టం గున్వోర్ చెల్లెలింటికి పోయింది. వెలుతురు ఇంకా బోలెడుంది.

నా అనుమానం ఒకటే. మధ్యాహ్నం ఇంట్లోంచి వెళ్లేటప్పుడు ఆయన స్వెట్టర్ కింద ఏదో ఉబ్బుగా కనిపించింది. ఇప్పుడు వంటింట్లో చూస్తే, కారు కడిగే పెద్ద స్పాంజి లేదు. మా ఒప్పందంలో పంపు మాటే ఉంది. స్పాంజితో నీళ్లు అద్ది తీసే మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

రేపు పొద్దున నేను నా చెయ్యి పెడతాను. మణికట్టు తడవకపోతే రూనాని జాకెట్టు తొడిగి ఎక్కిస్తాను, నేనూ ఎక్కుతాను, ఆ జాకెట్టు పట్టీని దీవి దాకా వదలను. మాట మాటే. కానీ ఆ పొడి చెక్కదా, స్పాంజిదా అన్నది నాకు తెలియాలి.

కాబట్టి ఇది చదివినవాళ్లు ఎవరైనా ఈ సాయంత్రం మా రేవు వైపు వెళ్తుంటే, ఎర్ర కొట్టం కింద ఒకసారి ఆగండి. "తల్లాక్!" అని కేకేయండి. తిట్టు వినబడితే కులాసాగా ఉన్నట్టే. మామూలుగా జవాబిస్తే దగ్గరికెళ్లి చూడండి, ఆ తుంటితో తడి రాళ్ల మీద కూర్చున్నాడేమో. పనిలో పనిగా స్వెట్టర్ కింద స్పాంజి పొడిగా ఉందో, తడిగా ఉందో కూడా చూసి నాకు చెప్పండి. నేను అడిగానని మాత్రం ఆయనతో అనకండి. సూప్ పొయ్యి మీద ఉందని చెప్పండి, చాలు.